పిల్లలతో ఉన్న కాసోవరీని అడవిలో వెంబడించి చూడొచ్చా?

కొల్లేటి కొంగ:
కాసోవరీ అంటే ఎగరలేని పెద్ద పక్షి. అది ఉండే ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్ వెళ్ళే మనవాళ్ళు ఇదే అడుగుతున్నారు. నా మాట: వద్దు. ఆడపక్షి మూడు నుంచి ఐదు పచ్చటి గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. దాదాపు 50 రోజులు పొదిగేదీ, ఆ తర్వాత తొమ్మిది నెలలు పిల్లల్ని వెంట తిప్పేదీ మగపక్షే. అది బెదిరి పొదల్లో దూరితే, వెనకబడ్డ పిల్లకు వేరే దిక్కు లేదు.

జమ్ముగడ్డి:
వెంబడించొద్దు, సరే. కాచుకుని చూడటంలో తప్పేముంది? నీలం క్వాండాంగ్ చెట్టు (మన రుద్రాక్షకు చుట్టమే) కింద పండ్లు రాలి ఉండి, దగ్గర్లో గింజలు నిండిన తడి పేడ కనిపిస్తే పక్షి మళ్ళీ అక్కడికే వస్తుంది. ముప్ఫై మీటర్ల దూరంలో, దూరం నుంచి ఫొటో తీసే 400 ఎంఎం కెమెరా లెన్స్‌తో కదలకుండా కూర్చుంటే చాలు. అదీ కష్టమంటే ఎటీ బే తీరానికి వెళ్ళండి. అక్కడి పక్షులకు మనుషులు అలవాటే.

కొల్లేటి కొంగ:
ఆ అలవాటే నా భయం. 1999లో అచ్చయిన పరిశోధన చూడండి: క్వీన్స్‌లాండ్‌లో మనుషుల మీద జరిగిన 150 దాడుల్లో 75 శాతం, అంతకుముందు జనం తిండి పెట్టిన పక్షులు చేసినవే.

జమ్ముగడ్డి:
అదే పరిశోధనలో గూడు, పిల్లల కోసం చేసిన దాడులు 7 శాతమే. అంటే తప్పు తిండి పెట్టడంలో ఉంది, చూడటంలో కాదు. తిండి పెట్టడం అక్కడ నేరం కూడా.

అడవిమల్లె:
మీరిద్దరూ మనిషికి వచ్చే ముప్పే లెక్కేస్తున్నారు. పిల్లలు చచ్చేది రోడ్ల మీద, కుక్కల నోట. అక్కడి మిషన్ బీచ్ ఊరి దారిలో తండ్రి పక్షి రోడ్డు దాటగానే అయిపోయిందనుకుని కారు కదుపుతారు. గోధుమరంగు మీద లేతచారల పిల్లలు గడ్డిలో కలిసిపోయి, కాస్త ఆగి ఒక్కొక్కటే వస్తాయి. ఫొటో కోసం రోడ్డు మీద బండి ఆపితే వెనకవాడు పక్కనుంచి దూసుకెళ్తాడు, పిల్ల సరిగ్గా అతని చక్రం ముందుకొస్తుంది. బండి పార్కింగ్‌లో పెట్టి చూడండి.

నడిచేటప్పుడు తండ్రికీ పిల్లలకీ మధ్య పడొద్దు. పక్షి నిటారుగా సాగి ఈకలు నిక్కబొడిచి, తల వంచి గుర్రుమంటే అప్పటికే మరీ దగ్గరగా ఉన్నట్టు. పరిగెత్తకండి. సంచి ఒంటికి ముందు పట్టుకుని, పక్షినే చూస్తూ వెనక్కి నడుస్తూ చెట్టు చాటుకు వెళ్ళండి. దాని కాలి లోపలి వేలి గోరు 12 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

జమ్ముగడ్డి:
రోడ్డు సంగతి ఒప్పుకుంటాను. కాచుకుని చూడటం మీద నా మాట మాత్రం మారదు.

కొల్లేటి కొంగ:
అయితే ఆ చెట్టు ఎక్కడుందో మాత్రం ఫొటో కింద రాయకండి. మర్నాడు ఆ చెట్టు కింద పదిమంది ఉంటారు.