ధర్నా మాది, పగిలిన అద్దం ఎవరిది?

యూనియన్ కుర్రాడు:
నాలుగు నెలలుగా జీతాల్లేవు. కాంట్రాక్టు పనివాళ్లం 60 మందిమి సోమవారం కలెక్టరేట్ ముందు ధర్నాకి పర్మిషన్ అడిగాం. స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చారు. ఎవరికి ఏ నష్టం జరిగినా పూర్తి బాధ్యత సంతకం పెట్టినవాళ్లదేనట. మా సెక్రటరీ పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. సంతకం పెట్టొచ్చా?

మెయిన్‌రోడ్డు షాపు:
పెట్టాల్సిందే. రెండేళ్ల కిందట బంద్ రోజు నా షాపు అద్దం పగిలింది. 18 వేలు నా జేబులోంచే పోయాయి. పిలుపిచ్చిన నాయకుణ్ని అడిగితే "మావాళ్లు కాదండీ" అన్నాడు. మైకు మీది, జెండా మీది, రాయి మాత్రం ఎవరిదో!

ప్లీడరు గుమాస్తా:
షాపు గారి మాటలో న్యాయం ఉంది. 2009లో సుప్రీంకోర్టు కూడా, నష్టం చేసినవాళ్లతో పాటు నిర్వాహకులూ భరించాలనే చెప్పింది. అయితే ఆ లెక్క తేల్చాల్సింది స్టేషన్ కాదు. హైకోర్టు జడ్జిని గానీ, రిటైరైన జడ్జిని గానీ క్లెయిమ్స్ కమిషనర్‌గా వేసి, ఆ నష్టానికీ ఆ కార్యక్రమానికీ సంబంధం ఉందో లేదో చూడాలి. తమ్ముడూ, "ఏ నష్టమైనా" అంటే తెల్లకాగితం మీద సంతకమే. అలాంటిది సొంత అన్నదమ్ములకే పెట్టం. రూటు, టైము, వాలంటీర్ల పేర్లు రాసివ్వండి. మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయించుకోండి.

మెయిన్‌రోడ్డు షాపు:
ఆ కమిషనర్ వచ్చేదెప్పుడు, నాకు అద్దం వచ్చేదెప్పుడు?

ప్లీడరు గుమాస్తా:
దానికి నా దగ్గర జవాబు లేదండీ.

పాలక్కాడ్ తెలుగోడు:
ఇక్కడ కేరళలో జరిగింది చెప్తా. 2022 సెప్టెంబర్ 23న పీఎఫ్ఐ (పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియా) అనే సంస్థ పిలుపిచ్చిన హర్తాల్‌లో, అంటే బంద్‌లో, బస్సులు పగలగొట్టారు. హైకోర్టు ఆ సంస్థని 5.20 కోట్లు కట్టమంది. అప్పుడు నాకూ సబబే అనిపించింది. తీరా జప్తులు మొదలయ్యాక, ఆ సంస్థతో సంబంధం లేనివాళ్ల ఆస్తులూ లిస్టులోకి ఎక్కాయి. వాటిని వదిలేయమని మళ్లీ కోర్టే చెప్పాల్సి వచ్చింది. యూపీలో ఇంకో కథ. సీఏఏ (పౌరసత్వ సవరణ చట్టం) మీద నిరసనల తర్వాత నష్టం కట్టమని నోటీసులిచ్చిందీ, విచారించిందీ అధికారులే. సుప్రీంకోర్టు నిలదీశాక 2022 ఫిబ్రవరిలో 274 నోటీసులు వెనక్కి తీసుకున్నారు. నోటీసు అందుకున్నవాళ్లలో రోజుకూలీలు, రిక్షా తొక్కేవాళ్లు ఉన్నారు. రాయి వేసినవాడు దొరకడు, పేరు రాసిచ్చినవాడు దొరుకుతాడు. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది అదే.

యూనియన్ కుర్రాడు:
సెక్రటరీకి అన్నీ చదివి వినిపించా. "మా సభ్యుల వల్ల నష్టం జరిగినట్టు రుజువైతే" అని మార్చి రాసుకుని రేపు వెళ్తున్నాం. ఒప్పుకుంటారో లేదో. షాపు అన్నా, మీది కలెక్టరేట్ రోడ్డా?

మెయిన్‌రోడ్డు షాపు:
అవును. సోమవారం సగం షట్టర్ దించుకుని కూర్చుంటా.