పండగ రోజు ఫుట్‌పాత్ కుటుంబాలకు పంచడం ఆపేయాలా?

గోదారిపిల్ల:
హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్లం నాలుగేళ్లుగా సంక్రాంతికి తలా కొంత వేసుకుని, దగ్గర్లో ఫ్లైఓవర్ కింద ఉండే కుటుంబాలకు దుప్పట్లు, పులిహోర, అరిసెలు పంచుతున్నాం. మొన్న మీటింగ్‌లో ఒకాయన "ఇదంతా మన తృప్తి కోసమే, ఆపేద్దాం" అన్నారు. సగం మంది అటే ఉన్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. మీరేమంటారు?

రాత్రిబండి:
ఆపొద్దక్కా, పద్ధతి మార్చండి. నేను రాత్రిళ్లు ఆటో నడుపుతాను. పండగ రోజు ఒకే చోటికి మూడు నాలుగు బ్యాచ్‌లు వస్తాయి. ఆఖరి బ్యాచ్ ఇచ్చిన పులిహోర తెల్లారేసరికి పాచిపోతుంది. కనుమ దాటితే ఆ పక్కకు వచ్చేవాళ్లే ఉండరు. ఇంకోటి, ఆ ఫొటోలు. పోయినేడు దుప్పటి తీసుకుంటూ ఒక తల్లి బిడ్డ మొహానికి కొంగు అడ్డం పెట్టింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

హరిత:
నేను ఆపేయమనే అంటాను. ఆ డబ్బూ ఓపికా షెల్టర్ల కోసం అడగడానికి పెట్టండి. పట్టణ పేదల కోసం కేంద్రం 2013లో తెచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడా షెల్టర్ ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఇవ్వాలని రాశారు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో ఇల్లు లేనివాళ్లు 17 లక్షల పైన తేలారు. మగవాళ్లకో షెల్టర్, ఆడవాళ్లకో షెల్టర్ అంటే మొగుడూ పెళ్లాం పిల్లలు విడిపోవాలి. అందుకే చాలామంది చలికైనా ఓర్చుకుని రోడ్డు మీదే కలిసి పడుకుంటారు. కుటుంబాలకు వేరే షెల్టర్ పెట్టాలని ఆ నిబంధనల్లోనే రాశారు. కార్పొరేషన్‌ని అది అడగండి.

పాలమూరు కూలోడి కొడుకు:
హరిత గారూ, షెల్టర్ అడగాల్సిందే. అది కట్టేదాకా ఈ జనవరి చలి ఆగుతుందా? మా నాన్న మేస్త్రీ పనికి పట్నం వచ్చి, కట్టే బిల్డింగ్ పక్కనే గుడిసె వేసుకున్నాడు. ఒక సంక్రాంతికి ఎదురింటావిడ మా అందర్నీ ఇంట్లోకి పిలిచి, విస్తళ్లు వేసి, కూర్చోబెట్టి వడ్డించింది. "ఇంకొంచెం వెయ్యనా" అని అమ్మను అడిగిందట. ముప్పై ఏళ్లయినా నాన్న ఆ మాటే చెబుతాడు, కూరలేంటో ఆయనకు గుర్తు లేదు. పండగ పూట ఎవరూ పలకరించకపోవడం ఎంత నొప్పో పడ్డవాళ్లకే తెలుసు. దయచేసి ఆపకండి.

హరిత:
మీ నాన్నగారి మాట చదివాక ఆపేయమన్నది వెనక్కి తీసుకుంటున్నాను. షెల్టర్ మాట మాత్రం వదలను.

గోదారిపిల్ల:
నిన్న సాయంత్రం ఊరికే వెళ్లి వాళ్లతో కాసేపు కూర్చున్నా. నాలుగేళ్లలో వాళ్లను ఏం కావాలని అడగడం ఇదే మొదటిసారి, సిగ్గేసింది. దుప్పట్లు ఉన్నాయట. దోమతెర, పిల్లలకు చెప్పులు, అడ్రస్ లేక ఆగిపోయిన రేషన్ కార్డు గురించి చెప్పారు. ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది. ఫొటోలు వద్దని ముందు అదే మాట్లాడతా. కార్పొరేషన్‌కి అర్జీ రాయడానికి హరిత గారు సాయం చేస్తారా?