బెంగళూరు నుంచి ఒక్క రాత్రిలో వెళ్లి రాగలిగే దూరంలో పాలపుంత కనిపించే చోటుందా?

కేఆర్‌పురం_నాన్న:
మా డాబా ఎక్కితే గురుడు, శుక్రుడు, ఇంకో పాతిక చుక్కలు, అంతే. మా పాప ఆరో తరగతి, పుస్తకంలో బొమ్మ చూసినప్పటి నుంచీ పాలపుంత నిజంగా కంటికి కనిపిస్తుందా అని ఒకటే గోల. టెలిస్కోపు లేదు, కారుంది. శనివారం సాయంత్రం బయల్దేరితే ఆదివారం భోజనం వేళకి ఇంట్లో పడాలి. ఆఫీసులో అందరూ నంది హిల్స్ అంటున్నారు, నాకెందుకో నమ్మకం కుదరట్లేదు. ఫ్యామిలీతో కాబట్టి చీకట్లో రోడ్డు పక్కన కారాపుకుని కూర్చోలేం.

చుక్కలపిచ్చోడు:
నంది మర్చిపోండి. రాత్రిపూట పైకి పోనివ్వరు, పోనిచ్చినా దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు వెలుగు పక్కనే. అందరూ ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతారు గానీ చూసుకోవాల్సింది దిక్కు. పాలపుంతలో దట్టమైన భాగం ధనుస్సు, వృశ్చికం వైపు ఉంటుంది, అంటే మనకి దక్షిణాన. మీరు ఊరికి ఉత్తరంగా పోయారంటే బెంగళూరు వెలుగంతా సరిగ్గా ఆ దక్షిణపు ఆకాశం మీదే కూర్చుంటుంది. నా ఓటు హార్స్‌లీ హిల్స్‌కి. సుమారు 150 కిలోమీటర్లు, చింతామణి, మదనపల్లె మీదుగా. కొండ మీద టూరిజం వాళ్ల గదులున్నాయి కాబట్టి ఫ్యామిలీకి ఇబ్బంది లేదు. బెంగళూరు నైరుతిలో ఉండిపోతుంది. ఆగ్నేయంలో మదనపల్లె లైట్లు కొంచెం ఉంటాయి, చుక్కలు పైకొచ్చాక అవి పెద్దగా అడ్డం కాదు.

ఇక ఎప్పుడంటే, ఉగాది ముందురోజు ఎలాగూ అమావాస్యే కదా, దానికి దగ్గర్లోని శనివారం పట్టుకోండి. ఆ రోజుల్లో తెల్లవారుజామున మూడు నుంచి అయిదు దాకా ఆగ్నేయంలో చూడాలి. జూన్‌లో అయితే రాత్రి పదికే కనిపించాలి గానీ మబ్బులు చూడనివ్వవు.

హోసూరు_సుబ్బు:
అన్నా, తమిళనాడులోని కావలూరు మర్చిపోయావు. హోసూరు, కృష్ణగిరి, వాణియంబాడి, అక్కణ్ణుంచి ఆలంగాయం దారి. జవ్వాది కొండల్లో వైను బప్పు అబ్జర్వేటరీ ఉంది, అక్కడి 2.3 మీటర్ల అద్దం ఉన్న టెలిస్కోపు 1986 నాటిది. ఊళ్ల వెలుగుకి దూరంగా, దక్షిణపు ఆకాశం బాగా అందేలా చూసుకుని పెట్టిన చోటు అది. కాకపోతే సందర్శకుల రోజులూ వేళలూ దాన్ని నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వెబ్‌సైట్‌లో చూసుకునే బయల్దేరాలి. చుట్టూ అడవి, ఊరికే లోపలికి పోకండి.

కేఆర్‌పురం_నాన్న:
థాంక్స్ అండి ఇద్దరికీ. ఒక డౌటు. ఫోటోల్లో కనిపించే ఊదా, గులాబీ రంగులు కంటికి కూడా కనిపిస్తాయా? బైనాక్యులర్ కొనాలా?

చుక్కలపిచ్చోడు:
రంగులు కనిపించవు, పాపకి ముందే చెప్పేయండి, లేకపోతే అక్కడికెళ్లాక మొహం వేలాడేస్తుంది. మసక వెలుగులో మన కంటికి రంగు తెలియదు, పల్చటి తెల్ల మబ్బులాగే ఉంటుంది. కాసేపు చూస్తే మధ్యలో నల్లటి చీలికలు తేలతాయి, అవి ధూళి మేఘాలు, నాకైతే అవే ఇష్టం. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత ఎవరైనా ఒక్కసారి ఫోన్ తెరిచినా మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. బైనాక్యులర్ అయితే 10x50 చాలు, అంటే పది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దాలు 50 మిల్లీమీటర్లవి; టెలిస్కోపు జోలికి ఇప్పుడే పోవద్దు.

అన్నట్టు లదాఖ్‌లోని హాన్లే పేరు వినే ఉంటారు, 2022లో డార్క్ స్కై రిజర్వ్ చేశారు, అంటే రాత్రి ఆకాశాన్ని లైట్ల వెలుగు నుంచి కాపాడే ప్రాంతం. అక్కడి 2 మీటర్ల టెలిస్కోపుని నడిపేది మీ ఇంటి పక్క హోసకోటలో కూర్చునే!

మదనపల్లె_అక్క:
హార్స్‌లీ కొండ మీద గదుల దగ్గర లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి, గది వరండాలో కూర్చుంటే ఏమీ కనపడదు. లైటు నేరుగా కంట్లో పడని చోటు పగలే చూసి పెట్టుకోండి. కొండ కింద తెలిసినవాళ్ల తోట ఉంటే ఇంకా మేలు తమ్ముడూ, కానీ బోరు షెడ్డు మీద తెల్లటి ఎల్ఈడీ బల్బు ఒకటి ఉంటుంది చూడండి, అది ఆపుతారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పందుల భయానికి కొందరు ఆపరు.