పాత కిరోసిన్ లాంతరు: గాజు ఒక పక్కనే మసిబారుతోంది, ఎలా బాగుచేయాలి?

ప్రశ్న

మా తాతగారు వాడిన లాంతరు చాలా ఏళ్లుగా అటక మీదే ఉండిపోయింది. కొత్త వత్తి వేసి వెలిగించి చూస్తే మంట ఒక పక్కకు వాలి, కొద్దిసేపటికే గాజు చిమ్నీ ఆ వైపు నల్లబడింది. తొట్టి అడుగున పాత నూనె బంకలా గట్టిపడింది, బర్నరుకు పచ్చని చిలుము పట్టింది. దీనిని అలంకారంగా పెట్టుకోవడం కాక మళ్లీ వెలిగించుకోవాలని నా కోరిక. గరుకు కాగితంతో రుద్దవచ్చునా?

మొదటి సమాధానం

దయచేసి గరుకు కాగితం వాడకండి. ముందు బర్నరుకు ఒక అయస్కాంతాన్ని ఆనించి చూడండి. అంటుకుంటే అది ఇత్తడి పూత ఉన్న ఇనుమని అర్థం. రుద్దితే ఆ పలుచని పూత పోయి తుప్పు మొదలవుతుంది. వత్తి తీసివేసి, బర్నరును వంట సోడా కలిపిన నీటిలో అరగంటసేపు సన్నని సెగ మీద మరిగిస్తే, ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డూ మసీ మెత్తబడి, పాత పళ్ల బ్రష్షుతోనే ఊడివస్తాయి. ఆ గిన్నెను తిరిగి వంటకు వాడకూడదు.

తొట్టిలో కొద్దిగా తాజా కిరోసిన్ పోసి ఒక రాత్రి నాననిచ్చి, మరునాడు గుప్పెడు చిన్న ఇనుప నట్లు లెక్కపెట్టి వేసి, మూత బిగించి బాగా కుదపండి. తీసేటప్పుడు కూడా లెక్క సరిచూసుకోవాలి. తర్వాత సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరేవరకు బోర్లించి ఉంచండి. నీరు కిరోసిన్ కంటే బరువైనది కనుక మిగిలిన తడి అడుగున చేరి లోపలి నుంచే రేకును తినేస్తుంది.

రెండవ సమాధానం

పై సలహా మంచిదే కాని, మంట ఒక పక్కకు వాలడానికి కారణం చిలుము కాదు, గాలి సరిగా అందకపోవడం. మీ లాంతరుకు రెండు పక్కలా గొట్టాలు ఉంటే అవి పట్టుకోవడానికి పెట్టిన కడ్డీలు కావు, బర్నరుకు గాలిని చేరవేసే దారులు. వాడకుండా ఉంచిన లాంతర్లలో కందిరీగలు ఆ గొట్టాలలో మట్టిగూళ్లు కడతాయి. నా లాంతరు విషయంలో ఈ సంగతి తెలియక రెండు వత్తులు అనవసరంగా మార్చాను. మెత్తని తీగను గొట్టంలోకి దూర్చి, తర్వాత గాలి ఊది చూడండి. బర్నరులోని చిల్లుల పళ్లెం ఒక వైపు మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. వత్తిని అడ్డంగా, సమంగా కత్తిరించి, రెండు మూలలను కొద్దిగా చెక్కండి. మూలలు లేస్తే మంట కొమ్ముల్లా చీలి పొగ కక్కుతుంది.

మూడవ సమాధానం

వెలిగించే ముందు తొట్టిలో కిరోసిన్ పోసి, ఒక రాత్రంతా తెల్ల కాగితం మీద ఉంచండి. కాగితం మీద మరక కనిపిస్తే టంకం పెట్టించాలి. నూనె ఆవిరి నిలిచిన తొట్టికి సెగ తగిలితే పేలే ప్రమాదం ఉంది కనుక ఆ పని సొంతంగా చేయకండి. పెట్రోలు ఒక్క చుక్క కూడా కలపకూడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గాజు నల్లబడిన వైపు గొట్టంలో నుంచే గుప్పెడు ఎండు మట్టి రాలింది. బర్నరుకు అయస్కాంతం అంటుకోలేదు, అది అసలైన ఇత్తడే. అయితే కాగితం మీద తొట్టి అతుకు కింద సన్నని మరక కనిపించింది. తొట్టిని ఖాళీ చేశాను. టంకం పెట్టించిన తర్వాతే మళ్లీ వెలిగిస్తాను.