అప్‌డేట్: టెట్రిస్‌లో చివరి వరుస ఖాళీగా ఉంచడం మానేశాను, బావ మీద రెండు ఆటలు గెలిచాను

పైనుంచి పడే ముక్కల్ని పేర్చి అడ్డ వరుసలు నింపే టెట్రిస్ ఆటలో కుడి చివరి నిలువు వరుస ఖాళీగా ఉంచి పేరుస్తుంటే హన్మకొండలో మా బావ చేతిలో ప్రతిసారీ ఓడిపోతున్నాను, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. మీరు చెప్పిన 6-3 పద్ధతికి మారాను: 10 నిలువు వరుసల్లో ఎడమ 6, కుడి 3 నింపుతూ, ఏడోది కడ్డీకి (నాలుగు గడుల పొడవాటి నిలువు ముక్కకి) ఖాళీగా వదలడం. ముక్కల్ని అంత దూరం జరపక్కర్లేదు, వేగం నిజంగా పెరిగింది.

కుడివైపు మూడు గడులే ఇంకా కష్టం. నిన్న తొందరలో జెడ్ ముక్కను అక్కడ చదునుగా పడుకోబెట్టాను. కింద ఒక గడికి మూత పడింది, అక్కడే ఆట పోయింది.

ఇప్పటి టెట్రిస్‌లో ప్రతి విడతలో ఏడు రకాల ముక్కలూ తలా ఒకసారి వస్తాయి కాబట్టి రెండు కడ్డీల మధ్య మహా అయితే 12 ముక్కలే వస్తాయని చెప్పారు చూడండి, దాంతో టెన్షన్ సగం తగ్గింది. నిన్న ఐదింట్లో రెండు గెలిచాను. చాలా థ్యాంక్స్ అండీ. ఇక టీ-స్పిన్ (టీ ఆకారం ముక్కను ఇరుకు సందులోకి తిప్పి దించడం) మొదలుపెడతాను.