సిల్కీ గుడ్లు సగానికి పైగా పిల్ల కట్టడం లేదు. పుంజును మార్చాలా?

ప్రశ్న
గుంటూరులో, మేడ మీద అయిదు సిల్కీ (పట్టులాంటి మెత్తటి బొచ్చుండే కోడి జాతి) పెట్టలు, ఏడాది దాటిన ఒక పుంజు ఉన్నాయి. ఇంక్యుబేటర్ (ఫ్యాను ఉన్నది) 37.5 డిగ్రీల దగ్గరే నడుస్తోంది. ఏడో రోజు టార్చి పెట్టి చూస్తే సగానికి పైగా గుడ్లలో నరాలే కనపడవు. గుడ్లు గదిలోనే ట్రేలో దాచి, రెండు డజన్లు పోగయ్యాక పెడుతున్నాం. రెండు పెట్టలేమో ఎప్పుడు చూసినా ఖాళీ గూట్లో పొదుగు మీదే. పుంజును మార్చాలా? అదే పుంజును నాటు పెట్టల మీదికి వదిలితే పిల్లలకు సిల్కీ బొచ్చే వస్తుందా?

జవాబు 1
పుంజు మీద నేరం మోపే ముందు, ఈరోజు పెట్టిన గుడ్లు నాలుగు సాసర్లో పగలగొట్టి చూడండి. పచ్చసొన మీద అంచులు చెదిరిన చిన్న తెల్లచుక్క మాత్రమే ఉంటే పుంజు కలవలేదు. చుక్క చుట్టూ గుండ్రటి వలయం కనిపిస్తే కలిసింది. అప్పుడు తప్పు నిల్వలోనే. సుమారు 20 డిగ్రీలు దాటితే లోపలి పిండం అరకొరగా పెరగడం మొదలవుతుంది. మీ ఊరి వేడికి గదిలో పది రోజులు ఉన్న గుడ్డు మిషన్ ఎక్కకముందే చచ్చిపోతుంది, టార్చికి అదీ ఖాళీగానే కనిపిస్తుంది. 15–18 డిగ్రీల్లో, సన్నటి కొన కిందికి పెట్టి, వారం లోపే పొదగేయాలి. అంత చల్లదనం కుదరకపోతే తడి ఇసుకలో దింపిన మట్టికుండలో ఉంచి, మూడు నాలుగు రోజులకే పెట్టేయండి. ఫ్రిజ్ వద్దు, అది మరీ చల్లన.

అడిగినవారు
పగలగొట్టాను. మూడింటిలో చుక్కే ఉంది, వలయం లేదు.

జవాబు 2
అయితే పుంజు కలవడానికి బొచ్చే అడ్డం అండీ. సిల్కీల్లో ఇది మామూలే. పెట్టకు మలద్వారం చుట్టూ రెండంగుళాల మేర, పుంజుకు ద్వారం కింది వైపు, మొన గుండ్రంగా ఉన్న కత్తెరతో చర్మానికి దగ్గరగా కత్తిరించండి. పీకొద్దు. పీకితే కొన్ని వారాల్లోనే కొత్త బొచ్చు వస్తుంది, కత్తిరించినది ఈకలు రాల్చేదాకా అలాగే ఉంటుంది. పుంజు జుట్టు కళ్ళ మీద పడుతుంటే అదీ తగ్గించండి. కంటికి ఆనని పెట్టను అది తొక్కలేదు. వారం ఆగి గుడ్లు పోగుచెయ్యండి. అప్పటికీ వలయం రాకపోతేనే పుంజును మార్చండి. మార్చాక మూడు వారాల దాకా వచ్చే గుడ్లలో పాత పుంజు పిల్లలూ ఉండొచ్చు.

మే నెలలో మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఎండకు పుంజుల సత్తువ ఎలాగూ తగ్గుతుంది.

జవాబు 3
పొదుగు మీదున్న పెట్ట గుడ్డూ పెట్టదు, పుంజునూ రానివ్వదు. ఒకదాన్ని అలాగే ఉంచి, దాని కింద ఆరు నుంచి ఎనిమిది సిల్కీ గుడ్లు ఒకే రోజున పెట్టండి, మిషన్ కంటే నయం. పెన్సిల్‌తో గుర్తు పెట్టడం మరవొద్దు. మిగతా పెట్టలు అదే గూట్లో పెట్టిపోయే గుడ్లను రోజూ తీసెయ్యాలి. లేకపోతే ముందు పిల్లలు రాగానే తల్లి లేచిపోతుంది, వెనకటివి మురిగిపోతాయి. రెండోదాన్ని ఊక, గడ్డి ఏమీ లేని జాలీ అడుగు పంజరంలో మేత, నీళ్ళు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచండి. పొట్ట కింద గాలి ఆడితే పొదుగు మానుతుంది.

నాటు పెట్టలతో కలిపితే మొదటి తరం పిల్లలన్నిటికీ మామూలు ఈకలే. ఆ పిల్లల్ని వాటిలో వాటికే కలిపితే నాలుగో వంతుకు సిల్కీ బొచ్చు తిరిగొస్తుంది. అందుకని అమ్మకానికి పిల్లలు కావాలంటే కలపకండి.

జవాబు 2 (మళ్ళీ)
ఇంకోటి. పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన రోజునే మారెక్స్ (కోళ్ళకు వచ్చే ఒక వైరస్ జబ్బు) టీకా వేయించండి, సిల్కీలు ఆ జబ్బుకు తొందరగా లొంగుతాయి. మెడ తిప్పేసిన పిల్ల కనిపిస్తే ముందు కొక్కెర రోగం (రానిఖెత్ అనే అంటుజబ్బు) కాదని తేల్చుకోండి. మిగతావి కూడా రొప్పుతూ, పచ్చగా పారుకుంటుంటే అదే అని అనుమానించి వెంటనే వెటర్నరీ డాక్టరుకు చూపించాలి. ఒక్కటే అలా ఉంటే తలకు పోటు తగిలిందేమో చూడండి. జుట్టు పెద్దగా ఉన్నవాటికి నడినెత్తిన పుర్రె పూర్తిగా మూసుకోక, మెత్తగా ఉంటుంది.