షయల్తీయేలు తండ్రి యెకొన్యానా, నేరియా?

అందరికీ వందనాలు. ఆఫీసులో నాతో కలిసి భోజనం చేసే మిత్రుడొకరు బైబిలు శ్రద్ధగా చదువుతున్నారు. పోయిన సోమవారం ఫోనులో యేసు వంశావళి నుంచి రెండు వచనాలు చూపించారు. మరియ భర్త యోసేపు తండ్రి మత్తయి 1:16లో యాకోబు, లూకా 3:23లో హేలీ. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

లూకాది మరియ వంశమని సండే స్కూల్లో విన్నదే చెప్పాను. "ఇక్కడ మరియ పేరే లేదు కదా?" అన్నారు. నిజమే, లేదు. తర్వాత ద్వితీయోపదేశకాండము 25:5-6 చూపించాను. సంతానం లేకుండా చనిపోయినవాని భార్యను సోదరుడు పెళ్లాడితే, పుట్టిన బిడ్డకు కన్నతండ్రి ఒకరు, ధర్మశాస్త్రం ప్రకారం తండ్రి మరొకరు. 3వ శతాబ్దంలో జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవ రచయిత ఇచ్చిన వివరణ కూడా ఇదే. ఇది మా మిత్రునికి కొంత నచ్చింది.

కానీ దావీదు తర్వాత ఆయన కుమారులు సొలొమోను, నాతానుల నుంచి విడిపోయిన రెండు వరుసలు షయల్తీయేలు, జెరుబ్బాబెలు దగ్గర మళ్లీ కలుస్తాయి. అక్కడా షయల్తీయేలు తండ్రి మత్తయిలో యెకొన్యా, లూకాలో నేరి! 1 దినవృత్తాంతములు 3:17 మత్తయితోనే ఏకీభవిస్తోంది. యెకొన్యాను సంతానహీనుడని రాయమనే యిర్మీయా 22:30 కూడా చదివాను, ముడి వీడలేదు. తెలియనిది తెలిసినట్టు చెప్పి ఆయన నమ్మకాన్ని పోగొట్టుకోలేను.

లూకా నేరి పేరు ఎందుకు రాశాడో వాక్యాధారంతో వివరించగలరా?